పూల పటాలు పంచిన విన్సెంట్ వాన్గో

కర్నూలు జిల్లా రైతుకు పొద్దుతిరుగుడు పువ్వును పరిచయం చేయనక్కరలేదు. శనగ, మొక్కజొన్న ఇంతగా పాకకముందు నల్లరేగడి చేలల్లో ఎటు చూసినా ఈ పైరే కనిపించిన రోజులున్నాయి. రైతుకు అది నూనెగింజ. చిలకల బెడద, తాలుగింజలు, మార్కెట్టు ధర - పువ్వును చూస్తే అతనికి గుర్తొచ్చేవి ఇవే. హాలండు దేశంలో పుట్టి ఫ్రాన్సులో కన్నుమూసిన ఒక చిత్రకారుడు ఇదే పువ్వును మట్టిజాడీలో అమర్చి రంగుల్లో వేశాడు. తన ఇంట్లో దిగబోయే స్నేహితుని గదిని అలంకరించడానికి వేశాడు. ఆ వరుసలోని పటం ఒకటి 1987లో లండను వేలంలో 2 కోట్ల 47 లక్షల పౌన్లు పలికి లోకాన్ని విస్తుపోయేలా చేసింది. వేసినవానికి మాత్రం బతికున్నన్నాళ్లూ తమ్ముడు పంపే డబ్బే ఆధారం.

ఆ చిత్రకారుడు విన్సెంట్ వాన్గో. అతని పేదరికం గురించి, మతిస్థిమితం తప్పడం గురించి, కోసుకున్న చెవి గురించి లోకమంతా చెప్పుకుంది. సినిమాలు కూడా తీశారు. అతడు ఎవరికి ఏ పువ్వు వేసి ఇచ్చాడు, ఆ కానుకలు ఏమయ్యాయి అన్నది మాత్రం అంతగా చెప్పుకోలేదు. అతని మనసు తెలియాలంటే ఆ వైపునుంచే చూడాలి.

తండ్రి పుట్టినరోజుకు కొట్టం బొమ్మ

హాలండు దక్షిణ భాగాన బ్రబాంట్ అనే ప్రాంతంలో గ్రూట్ జుండర్ట్ అనే పల్లె ఉంది. 1853 మార్చి 30న విన్సెంట్ అక్కడ పుట్టాడు. తండ్రి థియొడోరస్ ఆ ఊరి చర్చిలో పాస్టరు. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన ఆ దంపతులకు మొదటి బిడ్డ చనిపోయి పుట్టాడు. అతనికి పెట్టిన పేరే ఇతనికీ పెట్టారు. తన పేరు చెక్కిన సమాధిరాయి పక్కనుంచే ఆ పిల్లవాడు చర్చికి వెళ్లి వస్తుండేవాడు.

తల్లి ఆనాకు పూలంటే ప్రాణం. తోటపని చేసేది. నీటిరంగులతో పూలగుత్తులు చక్కగా వేసేది. కొడుక్కి బొమ్మలపై మోజు ఆమెనుంచే వచ్చిందని చెప్పాలి. ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా స్వయంగా చేసిన వస్తువు ఇవ్వడం ఆ పిల్లలకు అలవాటు. 1864 ఫిబ్రవరి 8న తండ్రి పుట్టినరోజుకు పదకొండేళ్లు ఇంకా నిండని విన్సెంట్ ఒక పల్లె ఇల్లు, దాని పక్కన కొట్టం పెన్సిలుతో గీసి ఇచ్చాడు. ఆ కాగితం ఇంకా ఉంది.

ఆ తర్వాత పదహారేళ్ల కథ త్వరగా చెప్పుకోవచ్చు. పెదనాన్నకు వాటా ఉన్న గూపిల్ అనే చిత్రాల వ్యాపార సంస్థలో 1869లో ఉద్యోగంలో చేరాడు. హేగ్, లండను, పారిస్ తిరిగాడు. 1876లో పని ఊడింది. కొన్నాళ్లు ఇంగ్లండులో బడిపంతులు, కొన్నాళ్లు పుస్తకాల దుకాణంలో గుమాస్తా. పాస్టరు కావాలని ఆమ్‌స్టర్‌డాంలో చదువుకు కూర్చుని మధ్యలో మానేశాడు. చివరికి బెల్జియంలో బోరినాజ్ అనే బొగ్గుగనుల ప్రాంతానికి మతప్రచారకుడుగా వెళ్లాడు. అక్కడి కూలీల అవస్థ చూసి తన బట్టలు, తన పక్క వారికి ఇచ్చేసి గడ్డిమీద పడుకున్నాడు. ప్రచారకునికి ఉండవలసిన మర్యాద ఇది కాదని పైవారు 1879లో అతన్ని తీసేశారు. ఇవ్వడంలో హద్దు తెలియకపోవడం అతనికి అప్పుడే కాదు, చివరిదాకా చేటు తెచ్చింది.

1880లో, 27వ ఏట, చిత్రకారుణ్ణి అవుతానని నిశ్చయించుకున్నాడు. అతనికంటే నాలుగేళ్లు చిన్నవాడైన తమ్ముడు థియో అప్పటికి అదే గూపిల్ కంపెనీలో కుదురుకున్నాడు. ఆనాటినుంచి అన్న చనిపోయేదాకా పదేళ్లపాటు నెలనెలా డబ్బు పంపిన వాడు ఆ తమ్ముడే.

మగ్గాల పల్లెలో

1883 చివరనుంచి దాదాపు రెండేళ్లు విన్సెంట్ తల్లిదండ్రుల వద్ద న్యూనెన్ అనే పల్లెలో ఉన్నాడు. ఎమ్మిగనూరు వంటి చోట పెరిగినవారికి ఆ ఊరు కొత్తగా తోచదు. ఇంటింటా మగ్గాలే. నేతగాళ్ల ఇళ్లలో గంటల తరబడి కూర్చుని, చీకటి గదిలో పెద్ద కర్రమగ్గం వెనుక చిక్కుకున్నట్టు కూర్చున్న మనిషిని వరసపెట్టి బొమ్మలు వేశాడు. రంగుల మేళవింపు చూసుకోవడానికి అతడు ఉన్ని దారపు ఉండలను ఒక పెట్టెలో ఉంచుకునేవాడు. రెండుమూడు రంగుల పోగులు కలిపి చుట్టి, ఏ రంగు పక్కన ఏది మెరుస్తుందో, ఏది చస్తుందో చూసేవాడు. నేతగాళ్లు చేసే పనే ఇది. ఆ పెట్టె, ఆ దారపు ఉండలు ఆమ్‌స్టర్‌డాం మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

1884 జనవరిలో తల్లి రైలు దిగుతూ పడిపోయి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నెలల తరబడి మంచం పట్టిన ఆమెకు విన్సెంట్ దగ్గరుండి సేవ చేశాడు. తండ్రీ కొడుకులకు పొసగక రోజూ కీచులాటలు జరిగే ఇల్లు అది. ఈ సేవతో ఇంట్లో కొంత చల్లదనం వచ్చింది. ఆమెకు పొద్దుపోవడానికి ఆ ఊరి చర్చిని చిన్న పటంగా వేసి ఇచ్చాడు. మరుసటి ఏడు మార్చిలో తండ్రి హఠాత్తుగా చనిపోయాడు. ఆ తర్వాత విన్సెంట్ అదే పటంలో చర్చి ముందర దుఃఖసూచకమైన దుస్తుల్లో ఉన్న ఆడవాళ్లను చేర్చాడు. ఈ చిన్న పటాన్ని 2002లో దొంగలు మ్యూజియం నుంచి ఎత్తుకుపోయారు. పద్నాలుగేళ్ల తర్వాత, 2016లో, ఇటలీలోని నేపుల్స్ దగ్గర ముఠా వాళ్ల ఇంట్లో దొరికింది.

అదే తల్లి తర్వాత ఇల్లు మారినప్పుడు కొడుకు బొమ్మలున్న పెట్టెలను బ్రేడా పట్టణంలో ఒక వడ్రంగి వద్ద వదిలేసింది. అవి చివరికి పాతసామాన్ల వ్యాపారి చేతికి పోయి, తోపుడుబండి మీద అణా బేడాకు అమ్ముడయ్యాయి. కొడుకు చేసే పనికి విలువ ఉందని ఆమెకు అప్పటికి తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు.

పారిస్‌లో పూల పాఠం

1886 ఫిబ్రవరిలో పారిస్ చేరి తమ్ముడి ఇంట్లో దిగాడు. అప్పటిదాకా అతని బొమ్మలన్నీ బురదరంగు, బంగాళాదుంప తొక్కు రంగు. పారిస్ చిత్రకారుల వెలుగు రంగులు చూసి కళ్లు తెరిచాడు. రంగులు నేర్చుకోవాలి. ఎదుట కూర్చోబెట్టడానికి మనిషిని కుదుర్చుకుంటే కూలి ఇవ్వాలి. పువ్వుకు కూలి అక్కరలేదు. ఆ వేసవిలో పూలే వేశాడు. సంగతి తెలిసిన స్నేహితులు వారం వారం పూలు పంపేవారు. గసగసాల పూలు, చామంతులు, గులాబీలు, గ్లాడియోలస్ - వచ్చిన వాటిని జాడీలో పెట్టి, ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ వచ్చేటట్టు అమర్చి పటం మీద పటం వేశాడు. పూలను అమర్చడం, రంగులు వేయడం అతనికి ఒకే పనిలో రెండు భాగాలు.

ఈ పూల పటాలు కొన్ని ఒక ఆడమనిషికి చేరాయి. ఆమె పేరు అగొస్తీనా సెగటోరి. ఇటలీనుంచి వచ్చి, చిత్రకారులకు మోడల్‌గా కూర్చుని, తర్వాత పారిస్‌లో తంబూరిన్ అనే హోటలు నడిపింది. కంజీరను పోలిన వాద్యం పేరు అది. అక్కడి బల్లలు కూడా ఆ ఆకారంలోనే ఉండేవి. విన్సెంట్‌కు ఆమెపై మనసు పోయింది. నిజం పూల గుత్తులు తెస్తే రెండు రోజుల్లో వాడిపోతాయి కనుక, వాడని గుత్తులు తెచ్చాడని అతని స్నేహితులు చెప్పుకునేవారు. 1887 వేసవికి ఇద్దరి మధ్య చెడింది. హోటలు కూడా దివాలా తీసింది. గోడమీది పూల పటాలు మిగతా సామానుతోపాటు కట్టలు కట్టి కారుచౌకగా అమ్మేశారని అంటారు.

పూసిన తోటలు

పారిస్ రద్దీ, తాగుడు, చలి అతని ఒంటికి పడలేదు. 1888 ఫిబ్రవరి 20న దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో రైలు దిగాడు. ఎండకోసం వెళితే అక్కడ మంచు కురుస్తోంది. మంచు కరిగిన కొద్ది రోజులకే బాదం, పీచ్, ఆప్రికాట్ తోటలు పూతకు వచ్చాయి. పూత ఎన్నాళ్లు నిలుస్తుందో మామిడితోటలున్న వారికి తెలుసు. గాలికి రాలేలోగా వేయాలని ఆరుబయట బొమ్మ నిలబెట్టే చట్రానికి మేకులు కొట్టి, నేలకు బిగించి, వారాల తరబడి ఒకదాని వెంట ఒకటి 14 తోటల పటాలు పూర్తిచేశాడు.

వాటిలో గులాబీరంగు పీచ్ చెట్ల పటం ఒకటి ముగించుకుని ఇంటికి వచ్చేసరికి కబురు వచ్చింది. అంటాన్ మావ్ చనిపోయాడు. మావ్ పేరున్న చిత్రకారుడు. విన్సెంట్ తల్లి తరఫు చుట్టాలమ్మాయి జెట్‌ను పెళ్లాడాడు. మొదట్లో విన్సెంట్‌కు రంగులు కలపడం చూపించినది అతడే. తర్వాత ఇద్దరికీ మాటలు లేవు. విన్సెంట్ ఆ కోపాలు పట్టించుకోలేదు. అప్పుడే పూర్తయిన పటం మీద మావ్ జ్ఞాపకార్థం అని రాసి, విధవరాలైన జెట్‌కు పంపించాడు. చావు ఇంటికి పూసిన చెట్టు పంపాడు.

అతిథికి మంచి మంచం

ఆ ఏడు మే నెలలో ఆర్ల్‌లో పసుపు సున్నం కొట్టిన ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. దిక్కులేని చిత్రకారులందరూ ఒకచోట చేరి, ఒకే పొయ్యిమీద వండుకుని తిని బొమ్మలు వేసుకునే ఇల్లు కావాలన్నది అతని కోరిక. మొదట రావలసినవాడు పాల్ గొగాన్. అతడూ చిత్రకారుడే, అప్పుల్లో ఉన్నవాడే. వస్తానంటాడు, రాడు. ఉత్తరాలు రాస్తూ నెలలు గడిపాడు.

ఆ నెలల్లో విన్సెంట్ ఇల్లు సర్దాడు. అప్పుడు తమ్ముడు నెలకు సుమారు 150 ఫ్రాంకులు పంపేవాడు. అదే ఊళ్లో రూలాన్ అనే తపాలా ఉద్యోగి 135 ఫ్రాంకుల జీతంతో పెళ్లాం ముగ్గురు పిల్లలను సాకుతుండేవాడు. అంటే విన్సెంట్ తిండికి లేనంత పేద కాడు. డబ్బంతా రంగులకు, గుడ్డకు, ఇంటి సామానుకు పోయేది. తాను మాత్రం రొట్టె, కాఫీతో రోజులు నెట్టేవాడు. అతిథికి అక్రోటు కర్రతో చేసిన మంచి మంచం కొన్నాడు. తనకు మామూలు నాటుకర్ర మంచం. మనిషికొకటి చాలక పన్నెండు కుర్చీలు కొన్నాడు. ఇంకా రాని వాళ్లకోసం కుర్చీలు!

ఇక గోడలు మిగిలాయి. ఆగస్టులో పొద్దుతిరుగుడు పూలు వచ్చాయి. బయట మిస్త్రాల్ అనే ఈదురుగాలి. ఎదుట కూర్చుంటామన్న మనుషులు ముఖం చాటేశారు. పూలు కోసి తెచ్చి ఇంట్లోనే పనికి కూర్చున్నాడు. పైసగానికి మెరుగుపూసిన మట్టిజాడీలో వాటిని అమర్చాడు. కోసిన పువ్వు సాయంకాలానికి తల వాల్చేస్తుంది. అందువల్ల పొద్దు పొడవగానే మొదలుపెట్టి ఒక్క ఊపున వేసేవాడు. వారం రోజుల్లో నాలుగు పటాలు అయ్యాయి. మొదటిదానిలో మూడు పూలు, తర్వాత ఆరు, ఆ తర్వాత పెద్ద గుత్తులు రెండు. ఇలాంటివి డజను వేయాలనుకున్నాడు. కాలం దాటి పూలు అయిపోయాయి.

ఆ పటాలను రైతు చూస్తే రంగుకంటే ముందు పైరునే చూస్తాడు. మొగ్గ ఉంది, విప్పారినది ఉంది, రేకులు రాలి గింజకట్టినది ఉంది, మెడ వంచినది ఉంది. కొన్ని ముద్దబంతిలా గుబురుగా ఉన్నాయి. అవి చిత్రకారుని కల్పన కాదు. అలాంటి ముద్ద పొద్దుతిరుగుళ్లు నిజంగానే ఉన్నాయి. వాటికి కారణమైన జన్యువు మార్పును శాస్త్రజ్ఞులు 2012లో కనిపెట్టారు కూడా. పసుపు పువ్వును పసుపు గోడ ముందర, పసుపు బల్లమీద పెట్టి వేయడం మామూలు ధైర్యం కాదు. రంగులో రంగు కలిసిపోయి పటం చచ్చిపోవాలి. చావలేదు.

పెద్ద పటాలు రెండూ అతిథి గదిలో తగిలించాడు. అక్టోబరు 23న గొగాన్ వచ్చాడు. పూలు అతనికి నచ్చాయి. అంతకుముందు పారిస్‌లోనే విన్సెంట్ వేసిన పొద్దుతిరుగుడు పటాలు రెండు తన పటానికి బదులుగా పుచ్చుకుని ఉన్నాడు. పొద్దుతిరుగుళ్లు వేస్తున్న విన్సెంట్‌ను గొగాన్ ఒక పటంగా వేశాడు కూడా. కాని ఇద్దరి స్వభావాలూ ఉప్పూ నిప్పూ. తొమ్మిది వారాలు గడిచేసరికి వాదులాట ముదిరింది. డిసెంబరు 23 రాత్రి విన్సెంట్‌కు మతి తప్పింది. కత్తితో తన చెవి తానే కోసుకున్నాడు. గొగాన్ పారిస్‌కు వెళ్లిపోయాడు. మళ్లీ వాళ్లు కలుసుకోలేదు.

వెళ్లిన నెలలోగానే గొగాన్ ఉత్తరం రాశాడు. గదిలోని పసుపు గుత్తి పటం తనకు కావాలని అడిగాడు. మంచం అక్కరలేదు, ఇల్లు అక్కరలేదు, పూలు కావాలి. విన్సెంట్ మొదట ఒప్పుకోలేదు. తర్వాత మెత్తబడి, జనవరి చలిలో పూలు లేకుండానే, తన పటాలు రెండింటినీ చూసి మళ్లీ వేశాడు.

ఉయ్యాల తాడు

ఆస్పత్రిలో విన్సెంట్‌కు వైద్యం చేసిన కుర్ర డాక్టరు ఫెలిక్స్ రే. బాగయ్యాక కృతజ్ఞతగా అతని ముఖచిత్రం వేసి ఇచ్చాడు. డాక్టరు తల్లికి అది నచ్చలేదు. కోళ్లగూటికి పడిన కంతకు అడ్డం పెట్టింది. ఆ పటం ఇప్పుడు మాస్కో మ్యూజియంలో ఉంది.

తపాలా ఉద్యోగి రూలాన్ ఇంట్లో మాత్రం అతని కానుకలకు గౌరవం దక్కింది. చెవి కోసుకున్న మనిషని ఊరు దూరం పెట్టినా రూలాన్ వదలలేదు. ఆస్పత్రికి వెళ్లి చూసి వచ్చేవాడు, థియోకు ఉత్తరాలు రాసేవాడు. రూలాన్ భార్య అగస్టీన్‌కు అప్పుడు చంటిపిల్ల. ఆమె కుర్చీలో కూర్చుని ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతున్నట్టు విన్సెంట్ పటం వేశాడు. పటంలో ఉయ్యాల కనిపించదు. తాడే కనిపిస్తుంది. వెనుక గోడనిండా పెద్ద పెద్ద పూలు. ఈ తల్లి పటాన్ని మధ్యన పెట్టి, అటొకటి ఇటొకటి పొద్దుతిరుగుడు పటాలు తగిలించాలని తమ్ముడికి బొమ్మ గీసి చూపించాడు. సముద్రం మీద ఒంటరిగా నెలలు గడిపే బెస్తవాళ్లు పడవ గదిలో ఇది చూస్తే, అల ఊపును చిన్ననాటి ఉయ్యాల ఊపు అనుకుని ఊరట పడతారని అతని ఊహ. ఈ పటాన్నే అయిదుసార్లు వేశాడు. అగస్టీన్‌ను పిలిచి ఇష్టమైనది తీసుకోమన్నాడు. ఆమె తీసుకున్నది వాటిలో మేలైనదని అతడే ఒప్పుకున్నాడు.

ఇరుగుపొరుగు మనసు మాత్రం మారలేదు. ఈ మనిషి మా మధ్య ఉండరాదని ముప్పైమంది సంతకాలతో మేయరుకు అర్జీ పెట్టుకున్నారు. పోలీసులు పసుపు ఇంటికి తాళం వేశారు. పన్నెండు కుర్చీల కథ అంతటితో సరి.

పెదనాన్న కానుక

1889 మే 8న విన్సెంట్ తనంతట తాను సాన్‌రెమీ అనే ఊళ్లోని మానసిక చికిత్సాలయంలో చేరాడు. బయటికి పంపనన్నాళ్లు ఆవరణలోని తోటలోనే ఊదారంగు ఐరిస్ పూలు వేశాడు. హాలండులో ఉన్న తల్లికి, చెల్లెలు విల్‌కు ఇవ్వడానికి తన పెద్ద పటాలు కొన్నింటిని చిన్నవిగా మళ్లీ వేశాడు. పెద్దవి ఆ ఇంటి గోడలకు పట్టవని కొలత తగ్గించాడు.

ఆ ఏప్రిల్‌లో తమ్ముడు థియో పెళ్లి చేసుకున్నాడు. మరదలు పేరు యొహానా, ఇంట్లో అందరూ యో అనేవారు. 1890 జనవరి 31న వారికి కొడుకు పుట్టాడు. అన్న పేరే పెట్టారు - విన్సెంట్ విలియం. చనిపోయిన అన్న పేరు మోస్తూ పెరిగిన మనిషికి, తన పేరు మోసే పసివాడు వచ్చాడు. తండ్రి పేరు పెట్టి ఉండవలసిందని మర్యాదకు అన్నాడు కాని, వెంటనే పనికి కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో బాదంచెట్లు పూశాయి. మన వీధుల్లో నీడకు పెంచి, ఆకులతో విస్తళ్లు కుట్టే నాటుబాదం కాదు ఇది. బాదంపప్పు కాసే చెట్టు. ఆ దేశాల్లో చలి పూర్తిగా పోకముందే, ఆకు కూడా వేయకముందే పూసేది ఇదే. పుట్టిన బిడ్డకు ఇంతకంటే తగిన పువ్వు దొరకదు. నేల లేదు, మొదలు లేదు, నీలాకాశం మీద తెల్లగా పూసిన కొమ్మలు మాత్రమే. ఉయ్యాలలో వెల్లకిలా పడుకున్న పసివాడు పైకి చూస్తే చెట్టు ఎలా కనిపిస్తుందో అలాగే వేశాడు. మామూలు ఉద్రేకం, గీట్ల దూకుడు ఈ పటంలో లేవు. ఓపికగా ఒక్కొక్క రేకు వేసిన చెయ్యి అది.

పటం పూర్తయిన కొద్దిరోజులకే జబ్బు తిరగబెట్టింది. రెండు నెలలు మంచానపడ్డాడు. తేరుకుని లేచేసరికి ఇంకా వేయాలనుకున్న చెట్ల పూత రాలిపోయింది. పటం పారిస్ చేరింది. బిడ్డ ఆ పూలకేసి కన్నార్పకుండా చూస్తుంటాడని యో బావగారికి రాసింది.

సాన్‌రెమీ వదిలేముందు మే నెలలో ఐరిస్‌లు, గులాబీలు జాడీల్లో పెట్టి నాలుగు పెద్ద గుత్తులు వేశాడు. వీటిలో ఐరిస్‌లది ఒకటి, గులాబీలది ఒకటి తల్లివద్దకు చేరాయి. పెట్టెలు వడ్రంగి దగ్గర వదిలి వచ్చిన ఆ తల్లే 1907లో కన్నుమూసేదాకా ఈ రెండింటినీ తనవద్దే ఉంచుకుంది. ఆ పటాల్లోని గులాబీలు ఇప్పుడు తెల్లగా కనిపిస్తాయి. వేసినప్పుడు అవి గులాబీరంగువే. ఆనాటి ఎర్రరంగు వెలుతురుకు నిలిచేది కాదు. ఊదా ఐరిస్‌లు కూడా అలాగే నీలంగా మారాయి. రంగులు వెలిసిపోతాయని విన్సెంట్‌కు తెలుసు. అందుకే దట్టంగా పూసేవాడు.

మే 20న పారిస్‌కు దగ్గరలోని ఓవేర్ అనే పల్లెకు మకాం మార్చాడు. గషే అనే డాక్టరు అక్కడ అతన్ని కనిపెట్టి ఉండేవాడు. దారిలో పారిస్‌లో ఆగి మొదటిసారి పసివాణ్ణి చూశాడు. ఓవేర్‌లో రెండు నెలల పది రోజులున్నాడు. దాదాపు రోజుకొక పటం వేశాడు. జూలై 27న పొలంలో తనను తాను కాల్చుకున్నాడు. 29న తెల్లవారుజామున తమ్ముడి పక్కన ప్రాణం వదిలాడు. వయసు 37. పదేళ్లలో వేసిన నూనెరంగుల పటాలు సుమారు 860. అమ్ముడైందని అందరూ చెప్పుకునే పటం ఎర్ర ద్రాక్షతోట. ఆనా బోక్ అనే చిత్రకారిణి బ్రస్సెల్స్‌లో దాన్ని 400 ఫ్రాంకులకు కొంది.

మరునాడు శవపేటికను గదిలో ఉంచి, చుట్టూ గోడలకు అతని చివరి పటాలు తగిలించారు. పారిస్‌నుంచి స్నేహితులు వచ్చారు. పేటికమీద, చుట్టూ పసుపు పూలు - పొద్దుతిరుగుళ్లు, డాలియాలు. ఎందరికో పూలు పంచిన మనిషికి ఏ రంగు ఇష్టమో వాళ్లందరికీ తెలుసు. డాక్టరు గషే నాలుగు మాటలు చెప్పబోయి ఏడుపుతో చెప్పలేకపోయాడు. ఆరునెలలు తిరగకుండానే, 1891 జనవరి 25న, థియో కూడా పోయాడు.

యో చేసిన కాపలా

28 ఏళ్ల యో చేతిలో ఏడాది బిడ్డ, ఇంటినిండా ఎవరూ కొనని పటాలు మిగిలాయి. ఆమె వాటిని వదిలించుకోలేదు. హాలండులో బుస్సుమ్ అనే ఊరికి వెళ్లి, బసకు వచ్చేవారికి భోజనం వండిపెట్టే ఇల్లు నడిపి బిడ్డను పెంచింది. ఆ ఇంటి గోడలనిండా బావగారి పటాలే. ప్రదర్శనలు పెట్టించింది. కొద్దికొద్దిగా, చూసి చూసి అమ్మింది. అన్నదమ్ముల ఉత్తరాలు సరిచూసి 1914లో అచ్చు వేయించింది. అదే ఏడు థియో ఎముకలను ఓవేర్‌కు తెప్పించి అన్న పక్కన పూడ్పించింది. రెండు సమాధులనూ ఒకే తీగ కప్పేసి ఉంటుంది.

లండను నేషనల్ గ్యాలరీ వారు పసుపు పొద్దుతిరుగుడు పటం అడిగితే ఆమె మొదట కాదంది. ముప్పై ఏళ్లకు పైగా రోజూ లేచి చూసిన పటం. చివరికి విన్సెంట్ పేరు నిలవడానికి ఇది అవసరమని మనసు రాయి చేసుకుని 1924లో ఇచ్చింది. మరుసటి ఏడే కన్నుమూసింది.

ఆ నాలుగు ఆగస్టు పటాల్లో ఆరు పూలది జపాను చేరి 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. 1987లో వేలంలో రికార్డు ధర పలికినది తర్వాత వేసిన పటం. దానినీ జపాను బీమా కంపెనీయే కొంది. ఆ వేలం జరిగింది మార్చి 30న, విన్సెంట్ పుట్టినరోజున. ఆమ్‌స్టర్‌డాంలోని పటం రంగు దెబ్బతినకుండా ఇక ఏ ఊరికీ పంపరాదని 2019లో మ్యూజియం వారు నిర్ణయించారు.

బాదంకొమ్మ కింద పెరిగిన పసివాడు పెద్దయి ఇంజనీరు అయ్యాడు. తల్లి పోయాక పటాలన్నీ అతనివే. ధనవంతుడై కూర్చోవచ్చు. 1962లో అతడు ఆ సొత్తంతా విడిపోకుండా ఒక ఫౌండేషనుకు అప్పగించాడు. అందుకు హాలండు ప్రభుత్వం డబ్బు సమకూర్చింది. వాటికోసం కట్టిన మ్యూజియం 1973లో ఆమ్‌స్టర్‌డాంలో తెరుచుకుంది. అప్పటికి 83 ఏళ్ల ముసలివాడు, దాన్ని కళ్లారా చూసుకున్నాడు. 1978లో చనిపోయాడు. బాదంకొమ్మ పటం ఆ మ్యూజియంలోనే ఉంది. 1890లో పెదనాన్న పంపిన నాటినుంచి దాన్ని ఏ వేలంలోనూ పాట పెట్టలేదు.